అత్తయ్య చూసిన శని

టెలిస్కోపుకి ఫోను తగిలించి శని వలయాన్ని ఫొటో తీయొచ్చన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడపడుచు. కాకినాడ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు.

కారణం మా అత్తయ్య. నీటికాసులనే కంటిజబ్బు వల్ల ఆవిడ చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. పోయినది తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవడానికి ఆపరేషను చేయించాలని రాజమండ్రి డాక్టరుగారు చెప్పారు. ప్రతి శనివారం శనికి నువ్వుల నూనె సమర్పించే మనిషి, "ఆయన ఎలా ఉంటాడో ఈ కళ్లతో ఒక్కసారి చూస్తే బాగుండును" అన్నారు. అలాగని టెలిస్కోపులో కన్ను పెట్టరు. గుళ్లో కూడా శనికి ఎదురుగా నిలబడకుండా, పక్కనుంచే దణ్ణం పెట్టుకోవడం మా ఇంటి ఆచారం.

"బొమ్మయితే దోషం లేదే అమ్మాయ్" అని చివరికి ఆవిడే తేల్చారు.

సాయంత్రం దీపం పెట్టేసి, మా ఆడపడుచు కాలేజీ నుంచి తెచ్చిన టెలిస్కోపుతో అందరం డాబా ఎక్కాం. కన్ను పెట్టే గొట్టానికి మావారి ఫోను బిగిస్తే శని తెల్లటి మెతుకులా వచ్చాడు. తెరమీద వేలు నొక్కిపట్టి వెలుతురు తగ్గిస్తే వలయం తెలిసింది గానీ, అంత చిన్నది అత్తయ్యకు ఆనలేదు. ఇంతలో రొయ్యల మేత షాపు నుంచి కాల్ వచ్చి ఫోను వణికింది. శని పోయాడు. మందగమనుడని పేరే గాని, టెలిస్కోపులో ఆయన ఒక్క క్షణం నిలవడు.

"నీ ఫోను ఉపాయం కంటే నా వెబ్‌క్యామ్ నయం" అన్నారు మావారు చెల్లెలితో. పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు కొన్నదది. ముందున్న లెన్సు పీకేసి గొట్టంలో దూర్చబోయారు.

"పీకడమే వచ్చు నీకు, పెట్టడం రాదు" అంది మా ఆడపడుచు.

"ఆగండి, కొత్త పనికి పెడుతున్నారు" అంటూ అత్తయ్య దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు.

ఇరుకు చూపు దానిది. ఎంత వెతికినా శని దొరకడు. నేను ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాను. చివరికి ల్యాప్‌టాపులో పెద్దగా, నీళ్లలో ఊగుతున్నట్టు వచ్చాడు. పక్కనే నల్లటి మచ్చ.

"అదేంటన్నయ్యా?"

"ఆయన వాహనం. కాకి."

"నవ్వకండర్రా" అన్నారు అత్తయ్య. "నా కుంకుమ రాలుంటుంది."

నిజమే. శని జారుతున్నా మచ్చ కదల్లేదు. వెబ్‌క్యామ్ బయటికి తీసి, గాలి ఊది, మళ్లీ పెట్టేసరికి ఆయన కొబ్బరాకుల దాకా దిగిపోయాడు.

"ఫొటో సంగతి తర్వాత, ముందు ఆవిణ్ణి చూడనివ్వండి" అని కుర్చీ ల్యాప్‌టాపు ముందుకి లాగాను.

అత్తయ్య తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగారు.

"చుట్టూ గాజు తొడిగారే" అన్నారు.

సరిగ్గా ఎదురుగా కూర్చున్నారని చెప్పబోయి ఊరుకున్నాను. ఆకులు అడ్డొచ్చేదాకా ఆవిడ లేవలేదు.

ఒక కంటికి ఆపరేషను అయింది. రెండోదానికి వచ్చే వారం రాజమండ్రి వెళ్తున్నాం. ఆ ఒక్క చూపు దక్కించిన స్వామికి, ఆ అన్నాచెల్లెళ్లకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. అయినా కుదురు లేదు, సర్దిన సంచే మళ్లీ సర్దుతున్నాను. మీరు దేవుడి ముందు నిలబడినప్పుడు మా అత్తయ్యను ఒక్కసారి తలుచుకోండి.