బ్రేకు లేని బండి ఇంట్లో ఉండకూడదన్న మావయ్య

మావయ్య పోయారన్న కబురు నాకు పొందూరులో అందింది. జాకెట్లు కుట్టించుకునే వాళ్ళింట్లో కొలతలు తీసుకుంటున్నాను. ఫోను మోగింది. మా ఆయన గూడ్సు బండికి గార్డు. ఆయన ఇంట్లో లేని వేళ ఫోను మోగితే నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఆ రోజు డ్యూటీ దిగి వచ్చే పొద్దు. ఆయన నంబరే.

"నానేనే. బాగానే ఉన్నాను," అన్నారు ముందుగా. మా ఇంట్లో ఫోనులో మొదట చెప్పాల్సిన మాట అదే. ఊపిరి వదిలాను. అప్పుడు మెల్లగా, "నాన్న లేరే. కాపీ తాగి కుర్సీలో అలగే కూకున్నారు. లేపితే లేవనేదు," అన్నారు.

ఒక భయం తీరిన క్షణంలోనే ఇంకో దెబ్బ తగిలింది. ఆమదాలవలసలో మా ఇంటికి వెళ్ళే ఆటోలో ఏడ్చానో లేదో గుర్తు లేదు. చేతిలో కొలతల టేపు మాత్రం అలాగే చుట్టుకుని ఉంది.

మావయ్య అంటే మా ఆయన నాన్నగారు. ఆయనా గూడ్సు గార్డుగానే రిటైరయ్యారు. నేను కాపురానికి వచ్చేసరికే అత్తయ్య లేరు. కొడుకు డ్యూటీకి వెళితే ఇంట్లో నేనూ, మావయ్యా, ఆ తర్వాత మా పాపా. మాట తక్కువ మనిషి. పడుకునే ముందు గ్యాసు మీట కట్టావా అని నన్నడిగేవారు, నేను కట్టానన్నాక వెళ్ళి మళ్ళీ చూసుకునేవారు. వంటింట్లో పళ్ళెం జారి పడితే పక్క గదిలో ఉలిక్కిపడి లేచేవారు. ముసలితనం అనుకున్నాను.

పాపకి తిరనాళ్ళలో ఒక బొమ్మ రైలు కొన్నాం. ఇంజనూ, దాని వెనక నాలుగైదు గూడ్సు పెట్టెలూ. ఎరుపు, పసుపు, నీలం రంగుల మెరిసే ప్లాస్టిక్కు. పాప రెండు రోజులు ఆడి వదిలేసింది. మావయ్య ఒక పెట్టెని తిరగేసి, అద్దాలు సర్దుకుని, చాలాసేపు చూశారు.

"దీనికి బ్రేకేదమ్మా?" అన్నారు.

"బొమ్మ కదా మావయ్యా."

"బొమ్మయితే ఏటి? బ్రేకు లేని బండి ఇంట్లో ఉండకూడదు."

అలా మొదలైంది. పెట్టె ఎత్తు ఎక్కువైందని రంపపు బ్లేడుతో పట్టీ కోసి తీసేశారు. లావుపాటి చక్రాల అంచుల్ని ఆకురాయితో సన్నం చేశారు. గాలికి ఎగిరిపోయేలా ఉందని, భావనపాడు నుంచి చేపలు తెచ్చే ఆమెనడిగి వలకి కట్టే సీసం గుండ్లు తెప్పించి అడుగున అతికించారు. సూది మొనతో జిగురు చుక్కలు వరసగా పెడితే, ఎండాక అవి రివెట్లయ్యాయి. నా కుట్టుమిషను సొరుగు ఆయన స్టోరుగది అయింది. జాకెట్టు హుక్కులు తలుపు గడియలయ్యాయి. పొందూరు ఖద్దరు ముక్క బియ్యం బస్తాల మీద టార్పాలిన్ అయింది. ఆ నూలంత సన్నంగా ఇంకే గుడ్డా బొమ్మ కొలతకి సరిపోదట. మామూలు గుడ్డ వేస్తే గోనెసంచి కప్పినట్టుందని పీకేశారు.

రంగు వేసి ఊరుకోలేదు. ఇటుక పొడి, పొయ్యి మసి, టీ డికాషను కలిపి తుప్పూ మురికీ పూసేవారు. "కొత్తగా మెరిసే గూడ్సుబండిని ఎక్కడ సూసేవమ్మా? ఇది తిరిగిన బండి. తిరిగినట్టుండాల," అనేవారు.

ప్రతి పెట్టెకీ పక్కన తలపిన్నుతో వంచిన బ్రేకు మీట ఉండేది. అది కదిలేది. చివర గార్డు పెట్టెని అట్టతో తనే కట్టి, పాత చేతి గడియారంలోని పళ్ళచక్రాన్ని లోపల చేతిబ్రేకుగా బిగించారు. ఆ ఒక్క చక్రానికే వారం పట్టింది. తిరక్కపోతే తీసి మళ్ళీ బిగించేవారు.

"ఎవరికీ కనబడదు కదా మావయ్యా, తిరగకపోతే ఏం?" అన్నాను.

ఆకురాయి కింద పెట్టేశారు. చేతులు తుడుచుకుని చెప్పారు.

పెళ్ళయిన కొత్తలో, ఒడిశా కొండల లైనులో, వానలో ఆయన బండి ఎగువకి ఎక్కుతూ మధ్యలో తెగిందట. ఇంజనూ ముందు భాగమూ పైన ఉండిపోయాయి. వెనక సగం, దాని చివర మావయ్య ఒక్కరూ, దిగువకి జారడం మొదలెట్టాయి. కింద స్టేషన్లో జనంతో నిండిన ప్యాసింజరు ఆగి ఉంది.

"పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే సప్పుడమ్మా. అది ఇప్పటికీ వినిపిస్తాది. సక్రం తిప్పేను. అరిసేతులు సిట్లిపోనాయి. ఆగదే! దూకీవచ్చు. దూకుదామనే అనుకున్నాను. కాళ్ళు రానేదు. సెయ్యి మాత్రం తిరుగుతానే ఉన్నాది." అరచేతులు చూసుకుని, "ఆగింది. స్టేషను దీపం కనబడతంది, అక్కడాగింది. దిగి పెట్టెపెట్టెకీ పోయి మీటలు దించేసేను. ఆ తర్వాత పట్టాల పక్కన కూకుండిపోనాను. లేవనేకపోనాను," అన్నారు.

"మరి మీ అబ్బాయిని ఇదే ఉద్యోగానికి ఎలా పంపారు?" అన్నాను.

"మీ అత్తకే సెప్పనేదు. ఆడికి సెప్తే బండెక్కినప్పుడల్లా అదే గుర్తొస్తాది. నువ్వూ సెప్పకమ్మా."

సరేనన్నాను. ఆ రోజు నుంచి ఆ చప్పుడు నాకూ వినబడసాగింది. స్టేషను వైపు నుంచి పెట్టెలు కలిపే షంటింగు మోత వస్తే మిషను తొక్కడం ఆపేసేదాన్ని. మా ఆయన టిఫిను డబ్బా సర్దుతూ ఆయన అరచేతులు చూసేదాన్ని.

ఒకసారి తుపాను వచ్చింది. మా ఆయన ముందురోజే పలాస వైపు బండి మీద వెళ్ళారు. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పగలే గదిలో మసక. పాపని మంచం మీద దుప్పటిలో చుట్టి, నేను కిటికీ దగ్గరికీ గుమ్మానికీ తిరుగుతున్నాను.

"ఇలా రా. తుప్పు రంగు కలుపు," అన్నారు మావయ్య.

"ఇప్పుడా!"

"ఇప్పుడే."

కూర్చున్నాను. కుంచె వణికి రంగు నా చీర మీద పడింది. "ఒణకనీ. భయపడితే తప్పు నేదు. సెయ్యి ఆపకు," అన్నారు. వేశాను. ఎక్కడ వేశానో తెలియదు. వేస్తూనే ఉన్నాను.

అంతలో ఎదురింటి రేకు ఊడి ఇనప గేటుకి కొట్టుకుంది. ఇనుము మీద ఇనుము మోత. మావయ్య చేతిలో పెట్టె జారిపోయింది. ఆయన నేల మీద కూలబడి, మంచం కోడు రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలెట్టారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడడం లేదు.  ఇంట్లో ఉన్న ఒక్క మగదిక్కూ నా ఎదుట అలా అయిపోతే, పాప ఏడుస్తుంటే, బయట గాలి తలుపుని గుద్దుతుంటే, మా ఆయన ఎక్కడున్నారో తెలియకపోతే ఏం చెయ్యాలో ఎవరూ నాకు నేర్పలేదు.

పక్కన కూర్చుని ఆయన చేతుల మీద చేతులేశాను. "ఆగింది మావయ్యా. బండి ఆగింది. స్టేషను దీపం కనబడుతోంది," అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. మెల్లగా వేళ్ళు వదులయ్యాయి.

"ఆడొచ్చేడా?" అన్నారు.

"వస్తారు."

ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో తెలియదు. సాయంత్రం గాలి తగ్గాక మా ఆయన వచ్చారు. పట్టాల మీద చెట్టు పడి, బండి దారిలో ఒక చిన్న స్టేషన్లో నిలిచిపోయిందట. దారి తెరిచాక వేరే బండిలో వచ్చి స్టేషను నుంచి నడిచి, మోకాళ్ళదాకా బురదతో గుమ్మంలో నిలబడ్డారు. మావయ్య లేచి వచ్చారు. కొడుకు చెప్పులు తీసి కడిగి, అరుగు మీద ఆరబెట్టారు. తండ్రి కొడుకు చెప్పులు కడగడం చూసి మా ఆయన తడబడ్డారు. నేను తల తిప్పుకున్నాను.

మావయ్య లేకపోతే నాకు ఎక్కువ భయం వేస్తుందనుకున్నాను. వేస్తోంది కూడా. అయితే భయపడుతూనే అన్నం వండడం, డబ్బా సర్దడం, కుట్టు పూర్తిచెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

పదో రోజు దూసి దగ్గర నాగావళికి వెళ్ళాం. కర్మ ముగిసింది. గుండు మీద తడిగుడ్డ కప్పుకుని మా ఆయన ఇసకలో కూర్చున్నారు. ఇంక దాచలేక, కొండల లైనులో జరిగినదంతా చెప్పేశాను.

ఆయన నీళ్ళ వైపే చూస్తున్నారు. "నాకు తెలుసే. ఉద్యోగంలో సేరిన కొత్తలోనే పెద్ద గార్డులు సెప్పేరు. నాన్నే సెప్తారని సూసేను. అడిగితే మళ్ళీ గుర్తొస్తాదని అడగనేదు," అన్నారు.

 అప్పుడే నది మీది రైలు వంతెన మీదికి ఒక గూడ్సుబండి ఎక్కింది. బొగ్గు పెట్టెలు, వరసగా, నది పొడవునా ఆ మోత. మా ఆయన లేచి నిలబడ్డారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చివరి పెట్టె వచ్చింది. దాని వాకిట్లో ఎవరో ముక్కూమొహం తెలియని గార్డు. కింద ఇసకలో గుండుతో నిలబడ్డ మనిషిని చూసి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. వంతెన దాటి చెట్ల వెనక్కి పోయేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.