మా పెదనాయన గడువులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా ప్రాంతం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, మా పెదనాయనకు జైలుశిక్ష పడింది. తర్లుపాడు దగ్గర మా ఊళ్లో ఒక గొర్రెల కాపరి మంద మా వేరుశనగ చేలో పడితే, ఆ మనిషిని కట్టెతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. అప్పీలు కూడా కొట్టేశారు. ఇక మార్కాపురం కోర్టులో లొంగిపోవాలి.

ఆ కబురు వచ్చిన పూటే ఆయన మంచమెక్కాడు. గుండెలో నొప్పి అన్నాడు. అన్నాళ్లూ ఊరి మీద అరిచిన గొంతు మంచినీళ్లడగడానికి కూడా లేవలేదు. వకీలు ఎవరో డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి గడువు తెచ్చాడు. తెచ్చిన సాయంత్రమే మా పెదనాయన వేటమాంసంతో జొన్నరొట్టెలు తిని, ఇంకొకటి వెయ్యమన్నాడు. పెద్దమ్మ వేసింది. ఆడవాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, నవ్వొస్తుందని.

గడువు తీరేసరికి గుండెనొప్పి పాతబడింది. ఈసారి నా కడుపు పనికొచ్చింది. మా నాయన పోయాక ఆ ఇంట్లోనే పెరిగాను, తొలి కాన్పుకూ అక్కడికే వచ్చాను. వచ్చిందగ్గర్నుంచి తిన్నావా అని కూడా అడగని మనిషి, ఈ పిల్లకు తాను తప్ప మగదిక్కు లేదని, పురుడయ్యేదాకా ఆగమని అర్జీ పెట్టించాడు. కళ్లారా చూస్తే మేజిస్ట్రేటు జాలిపడతాడని, నెలలు నిండిన నన్ను ఎద్దుల బండిలో ఎక్కించాడు. దారి పొడుగునా రాళ్లే. నేను కడుపు పట్టుకుని కూర్చుంటే, ఆయన వకీలు నేర్పిన మాటలు వల్లె వేసుకుంటున్నాడు.

కోర్టు వరండాలో ఆ కాపరి ఉన్నాడు. తనను కొట్టినవాణ్ణి ఈసారైనా జైలుకు పంపుతారేమో చూద్దామని వచ్చాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది.

"ఈ ఎండలో నిన్నెందుకు తెచ్చినారు పాపా?" అన్నాడు.

పెదనాయన అటు తిరిగి దగ్గాడు.

లోపల మేజిస్ట్రేటు నన్నే అడిగాడు. "ఈయన తప్ప నిన్ను చూసేవాళ్లు లేరా అమ్మా?"

"మా ఆయన ఉన్నాడయ్యా, కురిచేడులో. కబురు పెడితే రైలెక్కి వస్తాడు. పెద్దమ్మ ఉంది, మంత్రసాని ఉంది. పెదనాయన ఉండి చేసేదేముంది?"

గడువు ఇవ్వనన్నాడు. కానిస్టేబుళ్ల మధ్య నడుస్తూ పెదనాయన నా వైపు తిరిగాడు. "సాకినందుకు ఇట్ల చేసినావే" అన్నాడు. జవాబు చెప్పేంత మనిషిగా ఆయన నాకు కనిపించలేదు.

ఆయన జైల్లో ఉండగానే నాకు కొడుకు పుట్టాడు. కాన్పు సులువుగానే అయింది. శిక్ష ముగించుకొచ్చిన పెదనాయన అరుగు మీద కూర్చుని, "నాయంతట నేనే పోయినాను, నన్నెవురూ పట్టుకపోలేదు" అని చెప్పుకునేవాడు. దుక్కికి ఆయన ఎద్దులు కావలసినవాళ్లు తలలూపేవాళ్లు. నాలుగు రోజులు అది విని, బిడ్డనెత్తుకుని మా ఆయనతో కురిచేడు రైలెక్కాను. పెదనాయన అరుగు దిగి రాలేదు. వస్తాడని నేనూ చూడలేదు.