జల్లెడ మీద మిగిలినది

ఆయన పని మట్టి జల్లించడం. ఇరవై ఆరేళ్ళు అదే పని. ప్రయోగశాలలో అందరూ ఆయన్ని జల్లెడాయన అనేవారు. ఎదురుగానే అనేవారు, ఆయన పలికేవాడు.

ఊరికి ఎగువన ఒకప్పుడు బాంబుల్లో మందు నింపే కర్మాగారం ఉండేది. యంత్రాలు కడిగిన నీళ్ళను వెనక గుంటల్లోకి వదిలేవారు. కర్మాగారం మూతబడింది. గుంటలు ఎండాయి. మందు మట్టిలో ఉండిపోయింది. వాన పడినప్పుడల్లా కొంచెం కొంచెం కరిగి లోపలికి దిగుతుంది, భూగర్భ జలంలో కలిసి పల్లానికి సాగుతుంది. ఎంత దూరం, ఎన్నాళ్ళకు, ఎంత చిక్కగా అన్నది ముందుగా చెప్పడం ఆ ప్రయోగశాల పని.

చెప్పేది లెక్కలమ్మ. కంప్యూటరు ముందు కూర్చునే ఇంజనీరు. జల్లెడాయనకు కూతురి వయసుది. మట్టిలో ఎంత మందు ఉందో ఆమెకు ఒక అంకె కావాలి. ఆ అంకె ఆయన చేతుల మీదుగా వచ్చేది. సంచుల్లో వచ్చిన మట్టిని పళ్ళాల్లో పరిచి నీడలో ఆరబెట్టేవాడు. ఎండ తగిలితే మందు మారిపోతుంది. ఆరాక జల్లించి, కిందపడిన మెత్తటి మట్టిని సీసాలకెత్తి చీటీ అంటించేవాడు. పైన మిగిలిన రాళ్ళు, వేర్లు బకెట్లోకి. గోడ మీది కాగితంలో అలాగే రాసి ఉంది. ఆయన దాన్ని చూడడం ఎప్పుడో మానేశాడు.

దిగువ వీధిలో అక్క ఇల్లు. పెరట్లో బావి. ఆ వీధికి కుళాయి గొట్టాలు వేసిన ఏడాది బావ ఆయన్ని పిలిపించాడు.

"ఏమోయ్ మట్టి డాక్టరూ, కుళాయి పెట్టించమంటావా, మానమంటావా?"

"వాణ్ణి అడిగేదేముంది? ఈ బావి నీళ్ళు తాగిన నోటికి అవి సయిస్తాయా?" అంది అక్క లోపలినుంచి.

"లెక్క చూశాను బావా. ఇక్కడికి చేరేసరికి పలచబడిపోతుంది. ముప్పై ఏళ్ళు ఢోకా లేదు."

"ఆ తర్వాత?"

"అప్పటికి నీకు బావితో పనేముంటుంది?"

బావ పడీ పడీ నవ్వాడు. "విన్నావా, నీ తమ్ముడి మాటలు!"

కుళాయి పెట్టించుకోలేదు.

ఏడేళ్ళకు బావకు మూర్ఛలు మొదలయ్యాయి. వైద్యుడు వయసు అన్నాడు. మొదటిసారి మంచం మీద, రెండోసారి పెరట్లో. మూడోసారి పడినవాడు లేవలేదు.

అది జరిగిన మరుసటి ఏడు దిగువ వీధి బావుల నీళ్ళు పరీక్షకు వచ్చాయి. అక్క బావి సీసా మీది చీటీ చదివి, వరసలో పెట్టింది ఆయనే. నీళ్ళలో మందు ఉండదగ్గ హద్దుకు ఆరు రెట్లు ఉంది.

లెక్కలమ్మ మూడు రోజులు కుర్చీలోంచి లేవలేదు. నేల వాలు మళ్ళీ చూసింది, వాన చూసింది, నీటి వేగం చూసింది. తప్పు దొరకలేదు. నాలుగో రోజు మట్టి గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"బాబాయ్ గారూ, జల్లెడ మీద మిగిలినవి ఏం చేసేవారు?"

"పారబోసేవాణ్ణి. రాళ్ళే కదమ్మా."

"అన్నీ రాళ్ళేనా?"

ఆయన బకెట్ వైపు చూశాడు.

"కొన్ని తేలిగ్గా ఉండేవి. తెల్లగా. నలిపితే పొడిపొడిగా రాలేవి. సున్నపు గడ్డలనుకున్నాను."

ఆమె కళ్ళు మూసుకుంది.

"అదే మందు. గడ్డకట్టిన మందు. ఇన్నేళ్ళూ మనం కొలిచింది దాని పొడిని."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఒక రకం మందు బంకమట్టిని పట్టుకుని ఉండిపోతుంది. ఈ తెల్లది దేన్నీ పట్టుకోదు, నీళ్ళు ఎటు పోతే అటు పోతుంది. ఒక్కొక్క గడ్డ ఏళ్ళ తరబడి కరుగుతూనే ఉంటుంది. గడ్డలు లెక్కలోకి రాలేదు కనుక దారిలోనే పలచబడుతుందని కంప్యూటరు చెప్పింది.

"కాగితంలో పారేయమనే ఉంది బాబాయ్ గారూ. మీ తప్పు కాదు. అడగాల్సింది నేను."

"కాగితానికి బరువు తెలీదమ్మా. నా చేతికి తెలిసింది. నేనే ఎవరికీ చెప్పలేదు."

దిగువ వీధికి సోమవారం నోటీసులు వెళతాయన్నారు. ఆయన ఆదివారమే వెళ్ళాడు. అక్క పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ పట్టుకుని మడుస్తూ ఉండగా చెప్పాడు.

"ఇక ఈ బావి నీళ్ళు ముట్టుకోకు అక్కా."

"నీ లెక్క తప్పిందా?"

"లెక్క కాదు. నేను."

తెల్లగడ్డల సంగతి మొత్తం చెప్పాడు. దుప్పటి మడత పూర్తయింది.

"మీ బావకి మూర్ఛలు దీనివల్లేనా?"

"తెలీదు. లెక్కలు చూసే అమ్మాయిని అడిగాను, డాక్టర్నీ అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు అన్నారు."

"నేనూ అవే తాగాను."

"ఔను."

"మరి నాకెందుకు కాలేదురా?"

ఆమె దుప్పటిని గుండెలకు ఆనించి పట్టుకుంది.

"ఇవాళ్టికి నువ్వెళ్ళు."

"రేపు రానా?"

"నేను చెప్తాలే."

సోమవారం మనుషులు వచ్చి బావి మీద చెక్కలు దిగగొట్టారు. ఆ నెలలోనే కుళాయి వచ్చింది. ప్రయోగశాల గోడ మీద కొత్త కాగితం అంటించారు. ఇప్పుడు జల్లెడ మీద మిగిలినదాన్ని కూడా నూరి మట్టిలో కలుపుతారు. కొత్త లెక్క ప్రకారం దిగువ వీధి కింద మందు ఇంకా అరవై ఏళ్ళు ఉంటుంది. ఆయన ఆ పేజీ చదివి, సంతకం పెట్టి, పళ్ళాల దగ్గరికి వెళ్ళాడు.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. దారిలో ఎదురైతే అక్క ఆగుతుంది. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఇంటికి రమ్మని ఇంకా చెప్పలేదు.