చక్కెర నీళ్లల్ల కరెంటు

చక్కెర నీళ్లల్ల కరెంటు పారుతదని క్లాసుల చేసి చూపించిన సైన్స్ టీచర్ మన జిల్లాల నేనొక్కన్నే. నవ్వకండి, సాక్షి ఇన్‌స్పెక్టర్ గారే.

ఎనభైల్ల మాట. చర్ల దగ్గర ఒక హైస్కూల్ల నా పోస్టింగ్. మా ఇల్లేమో వైరాల. ఇంటికి పోదామంటే ఆదివారమంతా బస్సుల్లనే అయిపోయేది. అందుకే ట్రాన్స్‌ఫర్‌కు అప్లికేషన్ పెట్టిన. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి పాఠం చూసి మంచి రిపోర్టు రాస్తే పనైనట్టే అన్నరు.

సరే, తొమ్మిదో తరగతికి అయానిక, సమయోజనీయ సమ్మేళనాల పాఠం పెట్టుకున్న. ఉప్పు నీళ్లల్ల కరెంటు పోతది, చక్కెర నీళ్లల్ల పోదు. అంతే. పాత టార్చి సెల్లులు పగలగొట్టి లోపలి కార్బన్ కడ్డీలు తీసిన. కొత్త సెల్లులకు వైర్లు చుట్టి, కరెంటు కొలిచే మీటరు తగిలించిన. బావి నీళ్లయితే ముల్లు ఉత్తగనే కదులుతదని, భద్రాచలంల మెకానిక్‌ను బతిమాలి బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చిన. ఒక గ్లాసుల ఉప్పు, ఇంకో గ్లాసుల చక్కెర కలిపి టేబుల్ మీద పెట్టి, ఇన్‌స్పెక్టర్ గారిని తీసుకొద్దామని బస్సు కాడికి పోయిన.

క్లాసు మొదలైంది. ఉప్పు నీళ్లల్ల కడ్డీలు ముంచంగనే ముల్లు లేచింది. సారు తలూపిండ్రు.

"ఇప్పుడు చక్కెర నీళ్లు. ముల్లు కదలదు, చూడండి" అన్న.

కదిలింది.

నీళ్లు కొంచెం మసకగ ఉన్నయి. రేషన్ చక్కెర కదా, గట్లనే ఉంటది అనుకున్న. ముందు బెంచీల సీత లేచి "సార్, నిమ్మకాయ వాసనొస్తుంది" అన్నది.

"సైన్సుల వాసన చూసి తేల్చొద్దు. కూర్చో."

తెల్వదని ఒప్పుకుంటే ట్రాన్స్‌ఫర్ పాయె. అందుకని చాక్‌పీసు పట్టిన. ఎండకాలంల చక్కెర అణువు వేడికి సగం విడిపోయి, కొంత అయానిక గుణం చూపిస్తదని బోర్డు నిండ రాసిన. బొమ్మ కూడ వేసిన. పిల్లలు శ్రద్ధగ నోట్సు ఎక్కించుకుంటున్నరు. చెప్పంగ చెప్పంగ నాక్కూడ నమ్మకం కుదిరింది.

అప్పుడే మా అటెండర్ లక్ష్మమ్మ తలుపు కాడికొచ్చింది. బస్సు దిగినోళ్లకు షర్బత్ ఇయ్యకుండ ఆమె ఎవర్నీ పోనియ్యదు.

"ఏంది సార్, పెద్దసారు కోసం చేసిన షర్బత్‌ల వైర్లు పెట్టిండ్రు? మీరు ఉత్త చక్కెర కలిపి పోతే, నేనే నిమ్మకాయ పిండి ఉప్పేస్తిని."

ఇన్‌స్పెక్టర్ గారు బోర్డు దిక్కు చూసిండ్రు. నా దిక్కు చూసిండ్రు. "అమ్మా, నాకు వైర్లు లేని గ్లాసు ఒకటి ఇయ్యి" అన్నరు. నెమ్మదిగ తాగి, "మాస్టారూ, ఆ బోర్డు మీదిదంతా పిల్లల బుర్రల్లోంచి తీసేసేదాకా మీరు ఇక్కడే ఉండండి" అన్నరు.

తెల్లారి ఒక్క పీరియడ్‌ల తీసేసిన. నేను మాత్రం ఆడనే ఏడేళ్లున్న. మొదటి ఏడాది ఆ రిపోర్టు వల్లనే. తర్వాత ఆ పిల్లలు నచ్చిండ్రు, ఊరు నచ్చింది, మళ్ల అప్లికేషనే పెట్టలే. ఇంట్ల మాత్రం ఏడేళ్లూ ఇన్‌స్పెక్టర్ గారినే తిట్టిన.