చెప్పుల లెక్క

ఎదురుగా ఉన్నంతసేపూ ఆయన్ను అందరూ "సేఫ్టీ సార్" అనేవాళ్ళు. ఆయన అటు తిరిగితే చాలు, "చెప్పులాయన" అయిపోయేవాడు. ఈ రెండో పేరు పెట్టింది ఎవరో కాదు, పంపుహౌసులో పనిచేసే వాల్వు ఆపరేటరే. పేరు అతికినట్టు సరిపోయిందని ఆ రోజుల్లో తెగ మురిసిపోయాడు. మురిసిపోయినంతా తర్వాత వడ్డీతో సహా సిగ్గుపడ్డాడనుకోండి, అది వేరే సంగతి. వేరే సంగతేమిటి, ఇప్పుడు చెప్పబోయేది అదే.

ఊరు మొత్తానికి మంచినీళ్ళు పంపే ప్రభుత్వ కేంద్రం అది. భూమిలోపల మూడు పెద్ద ట్యాంకులు ఉన్నాయి. పైనుంచి చూస్తే గడ్డి, గడ్డి మధ్యలో ఒక ఇనుప మూత, అంతే. పంపుహౌసులో మనిషి ఛాతీ ఎత్తున ఒక చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే నడుమంత లావు గొట్టంలోంచి నీళ్ళు ట్యాంకులోకి దూకుతాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ చక్రం ఆపరేటర్ చేతిలోనే తిరుగుతోంది. కళ్ళు మూసుకుని తిప్పగలనని అతని గొప్ప.

అలాంటి చక్రానికి, ట్యాంకులు కడిగే రోజుల్లో, సేఫ్టీ సార్ గొలుసు చుట్టి తాళం వేసేవాడు. తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకునేవాడు. ట్యాంకు పనికి వెళ్ళే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను పంపుహౌసు గోడమీది బోర్డుకు తగిలించాలి. మూత దగ్గర కాపలా ఉండేవాడికీ ఇదే రూలు. పని అయ్యాక ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితేగాని తాళం రాదు.

అంతటితో ఆగితే బాగానే ఉండును. బోర్డు ఖాళీ అయ్యాక కూడా ఆయన నొప్పి మోకాలుతో రెండువందల అడుగులు కుంటుకుంటూ ట్యాంకు మూతదాకా వెళ్ళి, చుట్టూ చూసి వచ్చేవాడు. తాగే నీళ్ళ ట్యాంకు కదా, దిగేవాళ్ళు తమ చెప్పులు పైన విప్పి, మందునీళ్ళలో కడిగిన రబ్బరు బూట్లు తొడుక్కుని దిగుతారు. ఆయన చూసి వచ్చేది ఆ చెప్పుల్నే.

"బిళ్ళలుండగా మళ్ళీ చెప్పులెందుకు సార్?" అని ఆపరేటర్ ఒకసారి వేళాకోళంగా అడిగాడు.

"బిళ్ళ ఎవరైనా తీయొచ్చయ్యా. చెప్పులు వదిలేసి మాత్రం ఎవడూ ఇంటికి పోడు," అన్నాడాయన, నవ్వకుండా.

ఆ రోజే చెప్పులాయన పుట్టాడు.

అసలాయన పుట్టుకతో సేఫ్టీ మనిషేమీ కాదు. మొదట్లో పెద్దాఫీసులో గుమాస్తా. ఉద్యోగంలో ఎవరైనా పోతే, వాళ్ళింట్లో ఒకరికి పని ఇప్పించే కాగితాలు ఆయన టేబులు మీదుగానే వెళ్ళేవి. ఆ కాగితాల్లో "ప్రమాదానికి కారణం" అని ఒక గడి ఉండేది. పైవాళ్ళు ఏం రాయమంటే అది టైపు చేసేవాడు. పైవాళ్ళు ఎప్పుడూ ఒకటే మాట రాయమనేవాళ్ళు: అజాగ్రత్త. ఆయన చేతులమీదుగా అలా పదకొండుసార్లు పడింది ఆ మాట.

పన్నెండోసారి ఒకావిడ వచ్చింది. కరెంటు మోటారు దగ్గర పోయిన ఫిట్టరు భార్య. సంతకం పెట్టేముందు కాగితం మొత్తం నిదానంగా చదివి తలెత్తింది. "మా ఆయన అజాగ్రత్త ఏంటో చెప్పండి సార్. వీధి చివరిదాకా వెళ్ళినవాడు, గొళ్ళెం సరిగ్గా పెట్టానో లేదోనని వెనక్కొచ్చి చూసుకునే మనిషి ఆయన. ఆ రోజు ఏం చేశాడు?" అని అడిగింది. ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఏం జరిగిందో ఆయనకే కాదు, ఆ కాగితం మీద సంతకాలు చేసిన ఒక్కరికీ తెలియదు. ఎవరూ వెళ్ళి చూడలేదు.

ఆ తర్వాతి వారం సేఫ్టీ సీటుకు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. ఎవరూ కోరని సీటది. స్టోరు పక్కన కిటికీ లేని గది, ఒక టేబులు, మూడు కాళ్ళమీద నిలబడే కుర్చీ. కోరి కొరివితో తల గోక్కుంటున్నాడని తోటి గుమాస్తాలు జాలిపడ్డారు. ఈ కథంతా పంపుహౌసులో అందరికీ తెలుసు. ఆపరేటరుకూ తెలుసు. తెలిసినా మనిషికి తనదాకా వస్తేగాని తత్వం బోధపడదు.

ఆపరేటర్ బావమరిది కూడా ఆ ట్యాంకుల పనిలోనే ఉన్నాడు. చేరి ఏడాది కాలేదు, ఇంకా పర్మనెంటు కాలేదు. ఉండేది అక్కాబావల ఇంట్లోనే. మంచివాడే, కాకపోతే మతిమరుపు మారాజు. కిందటి నెల పని అయ్యాక బిళ్ళ బోర్డుమీదే వదిలేసి టీకి వెళ్ళిపోయాడు. వాడు లోపలే ఉన్నాడనుకుని గంటసేపు వెతికారు. ఊరికి నీళ్ళు గంట ఆలస్యమయ్యాయి. సేఫ్టీ సార్ మెమో ఇచ్చాడు. రెండో మెమో వస్తే ఉద్యోగం గోవిందా.

"మా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెట్టాను. కాస్త కనిపెట్టుకుని ఉండు," అని ఆపరేటర్ భార్య ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనున్నాగా, నీకెందుకు?" అని అతను భరోసా ఇచ్చాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో రెండో ట్యాంకు కడిగే పని పడింది. ఆరుగురు బిళ్ళలు తగిలించి వెళ్ళారు. ఐదుగురు దిగారు. మూత దగ్గర కాపలా బావమరిది. సాయంత్రం నాలుగింటికల్లా ట్యాంకు నింపడం మొదలుపెట్టాలి. మూడున్నర నుంచే ఇంజినీరు ఫోన్లు. పైవాళ్ళు ఆయన్ను తిడుతున్నారు, ఆయన ఆపరేటర్‌ను తిడుతున్నాడు. అత్తమీద కోపం దుత్తమీద చూపించడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే.

నాలుగవుతుండగా కడిగినవాళ్ళు వచ్చారు. ఐదుగురూ తమ తమ బిళ్ళలు తీసుకుని, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయారు. బోర్డుమీద పద్నాలుగో నంబరు ఒక్కటే మిగిలింది. అది బావమరిదిది.

ఆపరేటరుకు ఒళ్ళు మండింది. "మళ్ళీ మరిచాడు వెధవ! ఈపాటికి టీకొట్టు దగ్గర ఉంటాడు." అటు చూస్తే సేఫ్టీ సార్ స్టోరు గదిలోంచి వస్తున్నాడు. రెండో మెమో కళ్ళముందు కనబడింది. దాని వెనకాల భార్య మొహం కనబడింది. మరేమీ ఆలోచించలేదు. చెయ్యి చాపి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళాక నెత్తిమీద ఒక్కటిచ్చి చేతిలో పెడదామనుకున్నాడు.

"బోర్డు ఖాళీ సార్. తాళం తీయండి," అన్నాడు.

ఆయన బోర్డు చూశాడు, తల ఊపాడు, ట్యాంకువైపు నడవడం మొదలుపెట్టాడు.

"సార్! ఇంజినీరుగారు ఫోన్‌లో ప్రాణం తీస్తున్నారు. ఊరంతా బిందెలు పట్టుకుని కూచుంది. ఈ ఒక్కరోజుకీ చెప్పులు వదిలెయ్యండి సార్."

"ఎంతసేపయ్యా, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

ఆయన ఇలా వెళ్ళడానికి ఎంత పడుతుందో తెలుసు కాబట్టి, తొందరపెడుతూ పోదామని ఆపరేటర్ వెంట నడిచాడు. వెనకాల ఫోను మోగుతూనే ఉంది. ఎండ నెత్తిని మాడ్చేస్తోంది. ఆయన ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే ఆపరేటర్ నోట్లో నోట్లో గొణుక్కున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మూత దగ్గరికి వెళ్ళడం అతనికి అదే మొదటిసారి. వెళ్ళాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి. అతని పని చక్రం దగ్గర.

మూత తెరిచి ఉంది. దాని పక్కన గడ్డిలో ఒక జత చెప్పులున్నాయి.

ఎడమ చెప్పు వారు తెగిపోతే పిన్నీసు పెట్టి ఉంది. ఆ పిన్నీసు పెట్టింది ఆపరేటర్ భార్య. ఆ పొద్దున్నే గుమ్మంలో కూచుని, "కొత్తవి కొనుక్కోరా అంటే వినవు కదా" అని తమ్ముణ్ణి తిడుతూ పెట్టింది. అతని కళ్ళముందే పెట్టింది.

ఆపరేటర్ చెయ్యి జేబులోని బిళ్ళమీదికి పోయింది. సేఫ్టీ సార్ అప్పటికే మోకాలు నొప్పి కూడా మరిచి మూత పక్కన బోర్లా పడుకుని, లోపలికి తల పెట్టి కేకేస్తున్నాడు.

"ఎవరయ్యా లోపల?"

ఆపరేటర్ కూడా వంగి చూశాడు. రోజూ తాను నీళ్ళతో నింపే చోటు ఎలా ఉంటుందో అప్పుడు చూశాడు. అడుగున కడిగిన నేల తడిగా మెరుస్తోంది. వరసల మీద వరసలుగా స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి, చీకట్లోకి ఎంతదాకా పోయాయో అంతు చిక్కలేదు. ఆ చీకటి చివర ఎక్కడో తన గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. తాను చక్రం తిప్పితే ఆ నోట్లోంచి వచ్చే నీళ్ళకు ఏనుగైనా ఆగదు. నిచ్చెన ఈ చివర, గొట్టం ఆ చివర. సార్ కేక లోపలికి వెళ్ళి, స్తంభం స్తంభానికీ తగిలి, చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఆ చోటు ముందు మనిషి ఎంత చిన్నవాడో చూసి అతనికి ఒళ్ళు జలదరించింది.

ఆఖరికి చీకట్లోంచి చిన్న లైటు, దాని వెనకాల ఒక గొంతు వచ్చాయి. "నేనే సార్! వీళ్ళు బకెట్టు మరిచిపోతే తెద్దామని దిగాను. ఆ మూల గొట్టం దగ్గర పెట్టి చచ్చారు!"

బావమరిది బకెట్టుతో నిచ్చెనెక్కి వచ్చాడు. బూట్లు విప్పాడు, చెప్పులు తొడుక్కున్నాడు. అక్కడ పాలిపోయి నిలబడ్డ ఆపరేటర్‌ను చూసి, "ఏంటి బావా, ఎండ కొట్టిందా? కాసిని మంచినీళ్ళు తాగు," అన్నాడు.

ఆపరేటర్ జేబులోంచి బిళ్ళ తీసి సార్ చేతిలో పెట్టాడు. "నేనే తీశాను సార్. వాడికి మళ్ళీ మెమో వస్తుందని." ఆయన బిళ్ళను చూశాడు, అతన్ని చూశాడు. "ముందు ట్యాంకు నింపుదాం పద," అన్నాడు. వెళ్ళి తాళం తీశాడు. ఆ రోజు చక్రం తిప్పుతుంటే ఆపరేటర్ కళ్ళు మూసుకోలేదు.

ఐదింటికి సేఫ్టీ గదికి తనంతట తానే వెళ్ళాడు. ఆయన టేబులు మీద పొడుగాటి పుస్తకం ఒకటి తెరిచి పెట్టుకుని ఉన్నాడు. అట్టమీద ఆయన దస్తూరీతోనే "జరగనివి" అని ఉంది.

"నన్ను తిట్టండి సార్. రెండు తగిలించినా పడతాను."

"తిడితే రేపట్నుంచి నువ్వు నాకు నిజం చెప్పవు. కూర్చో. కుర్చీ జాగ్రత్త, దానికి మూడు కాళ్ళే."

ఆయన పుస్తకంలో వెనక పేజీలు తిప్పుతుంటే ఆపరేటర్ చూశాడు. తెగబోయిన తాడు, పడబోయిన నిచ్చెన, మూత పెట్టని గొయ్యి. ప్రతి పేజీలో తేదీ, చోటు, కారణం, ఏం మార్చారు అన్నది. పంతొమ్మిదేళ్ళవి. ఆ పేజీల్లో ఉన్నవాళ్ళు చాలామందిని అతను రోజూ చూస్తాడు. ఒకడు క్యాంటీన్లో అతనితో పేకాడతాడు. ఒకామె కిందటేడు మనవరాలి పెళ్ళి చేసింది. తాము ఆ పుస్తకంలో ఉన్నట్టు వాళ్ళలో సగంమందికి తెలియదు. ఇంత పని చేసిన మనిషికి చూపించుకోవడానికి ఒక్కటంటే ఒక్కటీ లేదు. జరగనిదాన్ని ఎలా చూపిస్తారు? ఆపరేటరుకు ఆ కిటికీ లేని గదిలో కూచోవడానికే భయం వేసింది. భయం అంటే భయం కాదు, చాలా పెద్దదాని ముందు నిలబడ్డప్పుడు వేసేది.

ఆయన కొత్త పేజీలో తేదీ వేశాడు. చోటు, రెండో ట్యాంకు అని రాశాడు. తర్వాత "కారణం" అని రాసి, కాసేపు కలం ఎత్తి పట్టుకున్నాడు. ఆపరేటర్ తల దించుకున్నాడు. ఆ గడిలో పడాల్సిన మాటేమిటో అతనికి తెలుసు. ఆ మాట పక్కన తన పేరు పడుతుందనీ తెలుసు. పడాల్సిందేనని కూడా ఒప్పుకున్నాడు.

కలం ఆగాక తలెత్తి చదివాడు.

"కారణం: మెమో భయం. మెమో ఇచ్చినది: సేఫ్టీ ఆఫీసర్."

"సార్, ఇదేంటి సార్! తప్పు నాది."

"చెయ్యి నీదేనయ్యా. దాన్ని జేబుదాకా తోసింది నా కాగితం. ఎవరైనా వచ్చి అడిగితే జవాబు చెప్పగలిగేలా ఉండాలి ఈ గడి." దాని కిందే "ఏం మార్చాం" అన్నచోట రాశాడు: బిళ్ళ మరిచినవాడికి ఇకపై మెమో లేదు, వెనక్కి వచ్చి తన చేత్తో తాను తీసుకోవడమే. పాత మెమో రద్దు. కాపలా మనిషి దిగాలంటే పైన ఇంకొకడు ఉండాలి.

ఆపరేటరుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "సార్, మీకు నేనో పేరు పెట్టాను," అన్నాడు.

"తెలుసు. బాగానే పెట్టావు," అన్నాడాయన, సిరా ఆరడానికి పేజీమీద ఊదుతూ.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. గుమ్మం ముందు చెప్పులు ఎప్పటిలాగే చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. భార్యవి, కూతురివి, పిన్నీసు పెట్టినవి. లోపల బావమరిది బకెట్టు కథ చెబుతుంటే అక్క పడీ పడీ నవ్వుతోంది. ఆపరేటర్ తనవి విప్పి, వాటి పక్కన పెట్టి, అక్కడే నిలబడిపోయాడు.

"అక్కడ నిలబడి ఏం చూస్తున్నావు?" అంది భార్య లోపల్నించి.

"ఏం లేదు," అన్నాడు. "అందరూ ఉన్నారు."