పెద్ద టైర్ల మీద అంతర్వేది దాకా

మొన్న వానాకాలంలో జంగారెడ్డిగూడెం అవతల ఒక పామాయిల్ తోటలో నా జీపు ఇరుసు దాకా కూరుకుపోయింది. తోటల్లో డ్రిప్ పైపులు బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. కొవ్వూరు నుంచి రోజూ ఆ మెట్ట ఊళ్లకు వెళ్లి రావాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అన్న ధీమాతో బురదలోకి దిగాను. నాలుగు చక్రాలూ చక్కగా తిరిగాయి, బండి మాత్రం అంగుళం కదల్లేదు. చివరికి ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగారు. లాగిన రైతు నవ్వుతూ, "బండి బాగుందండి, టైర్లే సైకిలు టైర్లలా ఉన్నాయి" అన్నాడు. ఆ ఒక్క మాట మూడు నెలలపాటు నన్ను పీడించింది. పొద్దున లేస్తే టైర్ల వీడియోలు, పడుకోబోతే టైర్ల వీడియోలు. "అన్నం తింటూ టైర్లు చూసే మనిషిని మిమ్మల్నే చూశానండీ" అని మా ఆవిడ విజయ దెప్పిపొడిచేది.

విజయ గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ బండిలో రోజూ నా పక్కన కూర్చునేది తనే. దేవరపల్లి దారిలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున వెళ్తూ గేటు దగ్గర దింపుతాను, సాయంత్రం వస్తూ ఎక్కించుకుంటాను. రెండేళ్ల కిందట స్కూటరు జారి ఎడమ మోకాలు విరిగింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఇప్పటికీ ఆ కాలు పూర్తిగా మడవలేదు. మొదట్లో నేనే ఎత్తి జీపులో కూర్చోబెట్టేవాణ్ణి. తర్వాత మా వీధిలోనే సాయంత్రాలు సాధన మొదలుపెట్టింది. బాగున్న కుడికాలు ముందు ఫుట్‌బోర్డు మీద పెట్టి, లోపలి హ్యాండిల్ పట్టుకొని ఒళ్లు పైకి లాగి, ఎడమకాలిని వెనకాలే తెచ్చుకోవాలి. ఎనిమిది నెలలు పట్టింది. ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కిన మొదటి రోజు స్టాఫ్ రూము మొత్తానికి కాజాలు పంచింది. ఇవన్నీ తెలిసి కూడా, పెద్ద టైర్ల మాట ఎత్తినప్పుడు తను "వేయించుకోండి, నేను ఎక్కగలిగితే చాలు" అంటే, "ఎక్కగలవులే, రెండంగుళాల తేడాయేగా!" అని తేల్చేశాను.

రాజమండ్రిలో రాంబాబు అని నాకు చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు. వాడిదీ నాదీ ఒకే మోడలు జీపు. వాడు ముప్ఫై ఒక్క అంగుళాల మడ్ టైర్లు వేయించాడు. అంత టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందని సస్పెన్షన్ కూడా పైకి లేపించాడు. మొత్తం లక్ష దాటిందట. అలాంటి సెట్టే ఒకటి టైర్ల షాపులో మిగిలి ఉంది, సోమవారంలోగా చెప్పమన్నారు. "ఒరేయ్, ఆదివారం నా బండి పట్టుకెళ్లు. ఊరికే వీడియోలు చూడకు, తిప్పి చూడు" అన్నాడు రాంబాబు. నా ఆనందం చూసి విజయ, "అయితే సముద్రానికి పోదామండీ. ఆపరేషనయ్యాక సముద్రంలో కాలు పెట్టలేదు" అంది. అలా నాకు టైర్ల పరీక్ష, తనకు సముద్రం.

డిసెంబరు ఆదివారం, పొద్దున అయిదున్నరకు కొవ్వూరులో బయల్దేరాం. రాంబాబు బండిని మా ఇంటి అరుగు పక్కనే ఆపాను కాబట్టి విజయ అరుగు మీద నుంచి సులువుగా ఎక్కేసింది. "చూశావా! అనవసరంగా భయపడ్డావు" అన్నాను గొప్పగా. విజ్జేశ్వరం మీదుగా ఏటిగట్టు రోడ్డు పట్టుకున్నాం. ఎడమవైపు మంచులో గోదావరి, కుడివైపు కోతలయిన చేలు. గుంత వస్తే బ్రేకు వేయాలన్న ఆలోచనే రాలేదు, టైర్లు గుంతల్ని మింగేశాయి. అయితే సిద్ధాంతం ఊరి దగ్గర హైవే మీదికి వచ్చాక హోరు మొదలైంది. మాట వినిపించాలంటే గొంతు పెంచాల్సి వచ్చింది. స్టీరింగు బరువెక్కింది. బ్రేకు నొక్కితే బండి నా జీపు కంటే కాస్త ముందుకెళ్లి ఆగుతోంది. ఇంకో సంగతి, మీటరు అరవై చూపిస్తుంటే ఫోనులో మ్యాపు అరవై ఏడు చూపిస్తోంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. ఇది తెలియకుండా తోలితే జరిమానా చీటీ ఇంటికొస్తుంది.

ఏడింటికి పెనుగొండలో టిఫిన్‌కు ఆగాం. హోటలు ముందు రోడ్డు అంచు పల్లంగా ఉంది. విజయ తలుపు తీసి కిందికి చూసి, మళ్లీ మూసేసింది. "మీరు తినేసి నాకు పార్సిల్ తెచ్చేయండి" అంది. వేడి పెసరట్టు పెనం మీద నుంచి తినాలనే మనిషి. చలికి బద్ధకించిందేమో అనుకున్నాను. పాలకొల్లులో కాఫీకి ఆపితే అదీ బండిలోనే తాగింది. అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు, ఎందుకంటే నేను పక్క బండివాళ్లు మా టైర్లను ఎలా చూస్తున్నారో చూసుకుంటున్నాను.

నరసాపురం దాటాక గోదావరి పాయ అడ్డం వస్తుంది. అక్కడ పంటు మీద దాటాలి. పంటు అంటే పడవల మీద బల్లలు పరిచి కార్లూ బైకులూ ఎక్కించుకునే పెద్ద తెప్ప. జీపుకూ మనుషులకూ కలిపి రెండు వందల లోపే తీసుకున్నారు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, కనుక్కుని వెళ్లండి. ఎనిమిదిన్నరకు రేవులోకి దిగాం. దారంతా ఇసుక. మా ముందు ఒక చిన్న కారు కూరుకుపోయి నలుగురు తోస్తున్నారు. నేను దాని పక్కనుంచి సిమెంటు రోడ్డు మీద పోయినట్టు పోయాను. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో లక్ష రూపాయలూ దండగ కాదనిపించింది.

పంటు దగ్గరికి రాగానే దాన్ని నడిపే సరంగు కేకేశాడు. "డ్రైవరు తప్ప అందరూ దిగాలండీ! ఖాళీ బండే ఎక్కాలి!" అది ఆ రేవు పద్ధతి, ఎక్కేటప్పుడు చక్రం కింది చెక్క జారితే లోపల మనుషులుండకూడదని. నేను దిగి అటువైపు వెళ్లాక, విజయ నా భుజం మీద బరువు వేసి, జారినట్టుగా ఇసుకలోకి దిగింది. ఒడ్డు నుంచి పంటుకు రెండు చెక్కలు వేసి ఉన్నాయి, మామూలు కార్ల చక్రాలకు సరిపడేవి. మా టైర్లు వాటి అంచులు దాటి బయటికొచ్చాయి.

"ఏంటండీ ఈ చక్రాలు! మా చెక్కలు చాలట్లేదు" అన్నాడు సరంగు. "నిదానంగా రండి, కుడికి కొయ్యండి. చాలండి, ఇంక తిన్నగా వచ్చేయండి."

అంగుళం అంగుళం చొప్పున ఎక్కించాను. పావుగంటలో అవతలి ఒడ్డు చేరాం. మనుషులు ముందు నడిచి దిగారు, తర్వాత నేను బండిని దింపి ఇసుకలో ఆపాను. విజయ వచ్చి తలుపు తీసింది. అక్కడ అరుగు లేదు. కుడికాలు ఫుట్‌బోర్డు మీద పెట్టబోయింది, అందలేదు. హ్యాండిల్ పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించింది. ఎడమకాలు ఇసుకలో నిలవలేదు, తూలింది. వెనక బైకులు హారను కొడుతున్నాయి. నేను దిగి పరుగెత్తి, రెండు చేతులతో ఎత్తి లోపల కూర్చోబెట్టాను. "అయ్యో, అమ్మగారికి కాళ్లు బాగోలేవనుకుంటానండి" అని ఎవరో జాలిపడ్డారు.

విజయ కొబ్బరి తోటల వైపు ముఖం తిప్పుకుంది. అటే చూస్తూ అంది. "రెండేళ్ల కిందట కూడా ఇలాగే ఎక్కించారు, బస్తాని ఎక్కించినట్టు. ఆ రోజులు అయిపోయాయనుకున్నానండీ."

సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి. పెనుగొండలో మూసుకున్న తలుపు, పాలకొల్లులో బండిలో తాగిన కాఫీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి.

తొమ్మిదిన్నరకు అంతర్వేది చేరాం. దూరం నుంచే గుడికి దణ్ణం పెట్టుకుని తిన్నగా సముద్రం వైపు వెళ్లాం. రోడ్డు చివర బండి ఆపి తలుపు తీశాను. "నేను దిగనండీ. ఇక్కణ్ణుంచి కనిపిస్తోందిగా" అంది. రెండేళ్లుగా ఎదురుచూసిన సముద్రం వంద గజాల దూరంలో ఉంది. తను అద్దంలోంచి చూస్తోంది. ఆ టైర్లను తన్నాలనిపించింది.

పక్కనే ఒక ట్రాక్టరులోకి సరుగుడు కర్రలు ఎక్కిస్తున్నారు. దాని డ్రైవరు, సత్తిబాబట పేరు, మమ్మల్ని గమనిస్తూనే ఉన్నాడు. దగ్గరికొచ్చి, "ఏమండీ, అమ్మగారు దిగరాండీ?" అని అడిగాడు. సంగతి చెప్పాను.

"దానికింత ఆలోచనేంటండీ! మా ట్రాక్టరు చూడండి, తొట్టిని గట్టుకి ఆనించాం. కర్రలైనా, వడ్ల బస్తాలైనా అంతేనండి. మా అమ్మమ్మని పెళ్లిళ్లకి తీసుకెళ్లేదీ అలాగే. మనిషి దగ్గరికి బండి రావాలి గానీ, బండి కోసం మనిషి ఎగరాలాండీ?"

సరుగుడు తోట చుట్టూ మోకాలికి కాస్త పైకి వచ్చే మట్టి గట్టు ఉంది. సత్తిబాబు వెనక నిలబడి, "రండి, రండి... ఎడమ... చాలు చాలు" అంటూ జీపును దాని పక్కకు చేర్పించాడు. ఫుట్‌బోర్డూ గట్టూ సమానంగా వచ్చాయి. విజయ ఎవరినీ పట్టుకోకుండా గట్టు మీదికి అడుగేసింది. గట్టు ఆ చివర ఏటవాలుగా ఇసుకలో కలుస్తుంది. అలాగే నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్లింది. అరగంట నీళ్లలో నిలబడింది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. "ఏవండీ, రండి! అక్కడ టైర్లకి కాపలా ఎందుకూ?" అని పిలిచింది. ఆ పిలుపు విన్నాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

తిరిగి గట్టు మీద నుంచే ఎక్కి కూర్చుని, కొంగుతో కాళ్లు తుడుచుకుంటూ అడిగింది. "ఇక్కడంటే గట్టుంది. మా బడి గేటు ముందు గట్టెక్కడుందండీ?"

నేను తాళం తిప్పబోయి ఆపేశాను.

"సరే, లెక్క చూద్దాం. నేను రోజూ నాలుగుసార్లు ఎక్కీ దిగీ చేస్తాను. మీరు బురదలో కూరుకుపోయింది ఏడాదికి ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"మిగతాది కూడా నేనే చెప్పాలా?"

చెప్పక్కర్లేకపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు పంటు జోలికి పోలేదు. రాజోలు మీదుగా వెళ్లి, దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరాం. దారి కాస్త చుట్టు, కానీ ఎక్కడా దిగక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నరకు కొవ్వూరు. డీజిలు పదిహేడు వందలు దాటింది, నా బండికైతే పద్నాలుగు వందల్లో అయిపోయేది. ఇంటికి రాగానే టేపు తీసి కొలిచాను. నేల నుంచి ఫుట్‌బోర్డు దాకా నా జీపుకు పద్దెనిమిది అంగుళాలు, రాంబాబు జీపుకు ఇరవై ఒకటిన్నర. నేను రెండనుకున్నది మూడున్నర.

సోమవారం ఆ సెట్టు వద్దని చెప్పేశాను. కంపెనీ ఇచ్చిన కొలతలోనే, గాడులు లోతుగా ఉండి రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు తీసుకున్నాను. నలభై వేలలో అయిపోయాయి. ఇవి బురదలో పెద్ద టైర్లంత పనిచేయవు, అందులో అబద్ధం ఆడను. తోట మరీ చిత్తడిగా ఉంటే బండి రోడ్డు మీద ఆపి, పైపులు భుజాన వేసుకుని నడుస్తున్నాను. వీడియోల్లో ఎప్పుడూ ఒంటరి మనిషి, కొండ, బురద కనిపిస్తాయి. మన బండి పొద్దున్నే లంచ్ బాక్సుతో, పేపర్ల కట్టతో ఒక మనిషిని ఎక్కించుకుని బయల్దేరుతుంది. మూడు నెలలు టైర్ల గురించి అంత చదివినవాణ్ణి, ఆ మనిషి కాలు ఎంతెత్తు లేస్తుందో ఒక్కసారీ చూడలేదు. కొత్త టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన రోజు విజయ బయటికొచ్చి, హ్యాండిల్ పట్టుకుని, ఒక్క ఊపున ఎక్కి తలుపేసుకుంది. "ఏంటలా చూస్తారు? ఫస్ట్ బెల్లు కొట్టేస్తారు, పదండి" అంది.

మీరూ పెద్ద టైర్లు వేయించాలనుకుంటే ఒక్క పని చేయండి. అదే కొలత టైర్లున్న బండిని ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. అరుగు పక్కన కాకుండా చదును నేల మీద ఆపండి. మీతో రోజూ ప్రయాణం చేసే మనిషిని పదిసార్లు ఎక్కి దిగమనండి. ఆ పదిసార్లూ మీరు చేయి అందించకండి.