వంట గ్యాస్‌తో బావ వేసిన అతుకు

నిన్న పొద్దున గదిలో టీ పెట్టుకుంటుంటే పొయ్యి మీది నీలిమంట సన్నగా ఈల వేసింది. బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు. కువైట్ దేశపు షువైఖ్‌లో నేను స్టోరు చూసే గ్యారేజీలోనే గ్యాస్ వెల్డరుగా చేసేవాడు. టార్చి వెలిగించగానే తల పక్కకు వంచి, పెళ్ళిచూపుల్లో పిల్ల పాట విన్నట్టు, ఆ చప్పుడు వినేవాడు. మంట మధ్యలో తెల్లటి మొన పదునుగా నిలబడితే తప్ప ఇనుము జోలికి పోయేవాడు కాదు. ఇంకో అలవాటు కూడా ఉండేది. తను వేసిన అతుకును తానే సుత్తితో కొట్టి చూసుకోనిదే ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

ఒక ఏడు మా ముదీర్, అంటే మేనేజరు, అసిటిలిన్ సిలిండర్లు ఆపేసి వంట గ్యాసులాంటి ప్రొపేన్ తెప్పించాడు. అతుకులకు కరెంటు మిషను వచ్చింది. గ్యాస్ ఇక ఇనుమును కాల్చి వంచడానికీ, కోయడానికే. ఆ పనికి ఉన్నవాళ్ళే ఎక్కువ. కరెంటు పని నేర్చుకుందామంటే ఆ వెలుగుకు బావ కళ్ళు ఆగేవి కావు. పని ఉంటేనే దొరికే ఉండే పర్మిట్టు, ఇఖామా, రెన్యువల్ దగ్గర పడింది. "ప్రొపేన్‌తోనే అతికి చూపిస్తా, అతికితే నన్ను ఉంచుకోండి" అని ముదీర్‌ను ఒప్పించుకొచ్చాడు.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణే గానీ లెక్కలంటే పిచ్చి. రెండు గ్యాసుల సంగతీ చదివి పెట్టుకున్నాను. ఘనపు మీటరుకు మొత్తం వేడి చూస్తే ప్రొపేన్‌దే పైచేయి. కానీ ఆ వేడి మంటంతా పరుచుకుంటుంది. అసిటిలిన్ మాత్రం మొన దగ్గరే గుమ్మరిస్తుంది, మూడువేల డిగ్రీలు దాటిస్తుంది. పైగా కరిగిన ఇనుము మాడకుండా దాని మంటే కాపు కాస్తుంది. ప్రొపేన్‌కు ఆ గుణం లేదు.

"అతకదు బావా" అన్నాను.

"నీ లెక్కలో నా చెయ్యి కూడా కలిపినావా బామ్మర్దీ? వంట గ్యాసయితే ఏం, మీ అక్క సంగటి గెలికినట్టు గెలికి చూపిస్తా ఉండు."

అందరూ చుట్టూ చేరారు. బావ ఆక్సిజన్ వాల్వు కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. తెల్లటి మొన వచ్చింది. "చూడ్రా, అదే మంట!" అన్నాడు. ఆ మొహం చూసి ఒక్క నిమిషం నేనూ నా లెక్కను నమ్మలేదు. కానీ మొనకు ఆ పదును వచ్చింది ఎక్కువైన ఆక్సిజన్ వల్ల. ఇనుము కరుగుతూనే మాడుతోంది, రవ్వలు చిమ్ముతోంది. అతుకు మాత్రం పైకి వరసగా, ముచ్చటగా ఉంది. ముదీర్ తల ఊపాడు కూడా.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆ ఏడు గడిచిపోయేదేమో. బావ సుత్తి అందుకున్నాడు. ఒక్క దెబ్బకే రెండు ముక్కలు. లోపల చూస్తే దోసెలా అన్నీ బెజ్జాలే. ముదీర్ నోరు తెరిచే లోపే బావే "ఖలాస్, అయిపోయింది" అన్నాడు. మంట చూసే తన నీలి కళ్ళద్దాలు తువ్వాలతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

ఇఖామా అయిపోగానే ఊరికి వెళ్ళిపోయాడు. ఊళ్ళో కూడా ఏ షాపులో చూసినా కరెంటు మిషన్లేనట. ఫోన్ చేస్తే అక్కే మాట్లాడుతుంది. పక్కన ఆయన దగ్గు మాత్రం వినిపిస్తుంది.

టీ పొంగితే మంట తగ్గించాను. ఏ మంట ఎంతసేపట్లో ఇనుమును కరిగిస్తుందో చెప్పగలను. ఒక మనిషి చేతిలోని పనిని కాలం ఎప్పుడు ఆర్పేసిందో మాత్రం, పక్కనే నిలబడి చూస్తూ కూడా, పట్టుకోలేకపోయాను.